చెల్కలో జామాయిల్ మూడో కోత: ఆకు, కొమ్మ, బెరడు ఇటుక బట్టీకి ఇవ్వాలా, పొలంలోనే ఉంచాలా?

బత్తాయితోట (నాంపల్లి మండలం, నల్గొండ జిల్లా), ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. ఆదివారం లోపు తేల్చుకోవాల్సిన విషయం. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మాకు నాలుగు ఎకరాల ఎర్ర చెల్క ఉంది. రెండు జానల మట్టి దాటితే మొరమే. ఒకప్పుడు అందులో బత్తాయి తోట ఉండేది. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ఐదో బోరు వేస్తే దుమ్ము లేచింది. నాన్న ఇక లాభం లేదని తోట కొట్టించి, 2010 వానాకాలంలో జామాయిల్ క్లోన్ మొక్కలు పెట్టాడు. సాలుకు సాలుకు మధ్య మూడు మీటర్లు, మొక్కకు మొక్కకు రెండు మీటర్లు. ఎకరానికి 670 దాకా పట్టాయి. వాన తప్ప వేరే నీళ్లు లేవు.

నాన్నకు అన్నీ రాసిపెట్టే అలవాటు. ఆయన పోయాక ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. 2015 మొదట్లో మొదటి కోత. బెరడు తీసిన కట్టె నాలుగు ఎకరాలకు కలిపి 92 టన్నులు. 2020లో రెండో కోత 84 టన్నులు. మొన్న మూడో కోత అయింది. కాంటా చీటీలన్నీ కూడితే 55 టన్నులు. కొట్టే ముందు నేను టైలర్ టేపు పట్టుకుని అరవై చెట్లకు ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీశాను. సగటు 30 సెంటీమీటర్లు వచ్చింది. మొదటి కోతప్పుడు నాన్న రాసుకున్నది 36.

వానలు లేక ఇట్లా అయిందని అందరూ అంటున్నారు. కానీ 2020, 2021, 2022 మూడేళ్లూ మా దగ్గర వానలు దండిగానే పడ్డాయి. చెరువు అలుగు పోసింది. అందుకే ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కొమ్మలు, ఆకు, తీసిన బెరడు అంతా పొలంలో కుప్పలుగా పడి ఉంది. ఇటుక బట్టీ అతను మొత్తానికి ఆరు వేలు ఇస్తానన్నాడు, వెయ్యి అడ్వాన్సు కూడా ఇచ్చాడు. ఆదివారం ట్రాక్టర్ వస్తుంది. 2020లోనూ ఇట్లాగే ఇచ్చేశాం. 2015లో మాత్రం అడిగినవాళ్లు లేక అక్కడే వదిలేశాం. దాన్నంతా సాళ్ల మధ్యకు తోసి వదిలేశామని నాన్న రాసుకున్నాడు. ఇంకోటి, ఎండాకాలం నిప్పు అంటుకుంటుందన్న భయంతో ఏటా మాఘమాసంలో నేనే రాలిన ఆకు ఊడ్పించి గట్టు మీద కాల్పిస్తున్నాను.

మోళ్లు జేసీబీతో పీకించి కొత్తవి పెట్టాలా? ఎరువు వేస్తే చెట్టుకు పనిచేస్తుందా? ఈ చెత్త అమ్మితే నష్టమేమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

—

కందిచేను (కల్వకుర్తి)

అన్నా, మా దగ్గర మూడు ఎకరాల్లో జామాయిల్ రెండు కోతలకే తీసేశాం. మోళ్లు పీకించడానికి జేసీబీకి ఇచ్చిన డబ్బులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. పీకిన ఏడాది జొన్న వేశాను. మోకాలెత్తు పెరిగి పసుపుపచ్చగా నిలబడిపోయింది. వానకు కొదవ లేదు, పురుగు లేదు. ఊళ్లో పెద్దలు జామాయిల్ విషం దిగిందన్నారు. ఎండాకాలంలో గొర్ల మంద కట్టించాను, నాలుగు వందల గొర్లు పది రాత్రులు. మరుసటి ఏడు కంది బాగా పండింది. విషమే అయితే గొర్ల పెంటికలకు ఎట్లా పోతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి, నేనూ వింటాను.

—

పుట్టమన్ను (దేవరకొండ)

బాబూ, ముందు ఆదివారం వచ్చే ట్రాక్టర్‌ను ఆపు. మిగతా మాట తర్వాత.

నేను ఇరవై ఆరేళ్లు చెట్ల మీద ప్రయోగాలు చేసే తోటల్లో ఫీల్డు మనిషిగా పనిచేశాను. పేపర్లు రాసింది సార్లు, చెట్లు కొట్టి తూచింది మేము. బయోమాస్ లెక్క అంటే ఏందో చెప్తాను, నీ నోటుబుక్కులోని 92, 84, 55 అంకెల అర్థం అందులోనే దొరుకుతుంది.

ముందు తోటలో ప్రతి చెట్టుకూ చుట్టుకొలత తీస్తాం. సన్నవి, నడిమివి, లావువి అని తరగతులు చేసి ఒక్కో తరగతిలో కొన్ని చెట్లు ఎంచి నరుకుతాం. కింద పట్టా పరిచి, ఒక్క ఆకు కూడా పోకుండా, ఆకు వేరు, పుల్ల వేరు, కొమ్మ వేరు, బెరడు వేరు, కట్టె వేరు చేసి తూస్తాం. ఒక్కోదాని నుంచి కొంచెం తీసి కాగితపు సంచిలో వేసి, ఓవెన్లో ఎండబెడతాం. బరువు ఇక తగ్గనంత దాకా ఆ సంచి ఓవెన్లోనే ఉంటుంది. పచ్చి కట్టెలో సగానికి సగం నీళ్లే. నీళ్లు పోగా మిగిలిన ఎండు బరువే బయోమాస్. ఆ ఎండు బరువులో కూడా దాదాపు సగం కర్బనం, అది గాలిలోంచి వచ్చింది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్ల నుంచి, గాలి నుంచి వచ్చిందే. నేల ఇచ్చింది చాలా తక్కువ. ఆ తక్కువ ఎక్కడుందన్నదే నీ ప్రశ్నకు జవాబు.

వేర్లు తవ్వడం అన్నింటికంటే కష్టం. ఒక చెట్టు వేరు కోసం మొరంలో గడ్డపారలతో ముగ్గురం రెండు రోజులు తవ్వాం. పైనున్న చెట్టు బరువులో నాలుగో వంతో ఐదో వంతో అంత బరువు నేల కింద వేర్లలో ఉంటుంది. సన్నని పీచు వేర్లు మాత్రం పై జానెడు రెండు జానల్లోనే అల్లుకుని ఉంటాయి, రాలిన ఆకు కిందనే. చెట్టు తిండి కోసం నేలలోపలికి ఎంత పోయినా, రోజూ తినే కంచం పైనే ఉంటుందని అప్పుడు చూశాను.

ఇంట్లో కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకు ఒక సంగతి తెలుసు. బాగా చెక్కిన కట్టె కాలితే బూడిద పిడికెడే. అదే బెరడు, ఆకు, పుల్లలు కాలిస్తే చాటెడు. ఆ బూడిదే నేల ఇచ్చిన ఖనిజం. నత్రజని మాత్రం బూడిదలో ఉండదు, పొగతో గాలిలో కలిసిపోతుంది.

ఇప్పుడు నీ పొలం లెక్క. 55 టన్నుల పచ్చి కట్టె అంటే ఎండు బరువు 27 టన్నులు అనుకో. జామాయిల్ కట్టెలో నత్రజని వంద కిలోలకు 150 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే మొత్తం కట్టెతో పోయింది సుమారు 40 కిలోలు. పచ్చి ఆకులో ఎండు బరువు మీద వందకు ఒకటిన్నర. నీ నాలుగు ఎకరాల చెట్ల మీద మూడు టన్నుల ఎండు ఆకు ఉందనుకుంటే, అందులో 45 కిలోలు. చూశావా, లారీలకెత్తిన 27 టన్నుల్లో ఎంత ఉందో, కుప్పగా పడి ఉన్న మూడు టన్నుల ఆకులో అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది. ఇక బెరడు. అది మొత్తం చెట్టులో పదో వంతు, ఎనిమిదో వంతు ఉంటుంది కానీ జామాయిల్ తన సున్నమంతా అక్కడే దాచుకుంటుంది. కాల్షియం వందకు ఒకటి, ఒకటిన్నర, ఒక్కోసారి అంతకు మించి. కట్టెలో దానికి పదో వంతు కూడా ఉండదు.

కట్టె అమ్ముకోవడానికే పెట్టావు, అమ్ముకో. టన్ను కట్టెతో నేల నుంచి పోయేది తక్కువే. ఆకు, సన్న పుల్ల, బెరడు కూడా పోతేనే పెద్ద నష్టం.

ఇంకో సంగతి నీ రాతలోనే ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. అక్కడ బత్తాయి తోట ఉండేదన్నావు. బత్తాయికి మీ నాన్న ఏటా పశువుల పెంట, చెరువు మట్టి, డీఏపీ వేసే ఉంటాడు, పాదులు చేసే ఉంటాడు. జామాయిల్ మొదటి పంట ఆ నిలవను తిని 92 టన్నులు ఇచ్చింది. రెండోది 2015లో వదిలిన ఆకూ కొమ్మా తిని 84 ఇచ్చింది. మూడోదానికి ఏం మిగిలింది? తోట నాటి బలం అయిపోయింది, 2020లో పడిందంతా బట్టీకి పోయింది, ఏటా రాలింది గట్టు మీద కాలిపోయింది. మీ నాన్న వేసిన పెంట పదేళ్లు ఆ చెట్లను సాకింది బాబూ.

అయితే తప్పంతా తిండి మీదకే నెట్టొద్దు. మోళ్లు ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టావా? చెట్ల సంఖ్య తగ్గి టన్నులు తగ్గడం వేరు, చెట్టు సన్నబడి తగ్గడం వేరు.

—

బత్తాయితోట

పెద్దాయనా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బత్తాయికి నాన్న ఏటా ఇరవై బండ్ల పెంట కొట్టించేవాడు, గొర్ల మంద కూడా కట్టించేవాడు. అది జామాయిల్ దాకా వచ్చిందన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పొద్దున పోయి మోళ్లు లెక్కపెట్టి వచ్చాను. మొదటి కోతప్పుడు 2,430 చెట్లని నోటుబుక్కులో ఉంది. ఇప్పుడు పచ్చిగా ఉన్న మోళ్లు 2,110. అంటే చెట్టుకు సగటున 38 కిలోల కట్టె వచ్చేది, ఇప్పుడు 26 వచ్చింది. మోళ్లు చావడం కొంత ఉంది, చెట్టు సన్నబడటం ఎక్కువ ఉంది.

కానీ ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. 45 కిలోల నత్రజని అంటే యూరియా రెండు బస్తాల పైచిలుకు. బస్తా 266 రూపాయలు. ఆరు వందలు ఖర్చు పెడితే వచ్చేదాని కోసం ఆరు వేలు ఎందుకు వదులుకోవాలి? ఇంట్లో మా ఆవిడ ఇదే అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

రెండోది, ఈ ఆకు కుళ్లదు. వేప ఆకు ఒక వానాకాలంలో మట్టిలో కలిసిపోతుంది. జామాయిల్ ఆకు రెండేళ్లయినా తోలు ముక్కలా అట్లనే ఉంటుంది. కుళ్లని ఆకులో ఎంత బలం ఉంటే నేలకేం లాభం?

—

డిండివాగు (అచ్చంపేట వైపు, బడిలో సైన్సు టీచర్)

అన్నా, మీ రెండో ప్రశ్నకు మా తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర జవాబు ఉంది.

మా బడి ఆవరణలో హరితహారం కింద పెట్టిన వేప, కానుగ ఉన్నాయి. గోడ అవతల ఒక రైతు జామాయిల్ తోట. పోయిన వానాకాలం పిల్లలతో ఒక పని చేయించాను. పాత దోమతెర కత్తిరించి చేతి రుమాలంత సంచులు కుట్టారు. ఒక్కో సంచిలో ఎండిన ఆకు 20 గ్రాములు, కిరాణా కొట్టు డిజిటల్ కాంటా మీద తూచి వేశారు. జామాయిల్, కానుగ, గ్లైరిసీడియా, ఒక్కోదానికి పన్నెండు సంచులు. జూలైలో చెట్ల కింద ఆకు పొరలో పెట్టి మేకులు కొట్టాం. నెలకు మూడేసి తీసి, మట్టి దులిపి, ఎండబెట్టి తూచాం.

నాలుగు నెలలకు గ్లైరిసీడియాలో ఈనెలు తప్ప మిగల్లేదు, సగటున 3 గ్రాములు. కానుగ 9. జామాయిల్ 14. జామాయిల్ సంచులు రెండు మాత్రం ఖాళీగా దొరికాయి, చెదలు తెరను కొరికి ఆకంతా మోసుకుపోయాయి. పిల్లలు ప్రయోగం పాడైందని ఏడుపు మొహాలు పెట్టారు. పాడు కాలేదు, మన నేలల్లో ఆకును మట్టిలో కలిపే పనిలో చెదల పాలు చాలా ఉందని చెప్పాను. పక్కనే ఉన్న పుట్ట చూపించాను. పుట్టమన్ను తెచ్చి చెట్ల పాదుల్లో వేయడం వాళ్ల తాతలకు తెలిసిన పనే.

ఇంకో పని కూడా చేశాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రాలకు చీర గుడ్డ కట్టి చెట్ల కింద మోకాలెత్తులో పెట్టాం, రాలే ఆకు పట్టడానికి. వారం వారం తీసి తూచే ఆ పని మొత్తం ఇద్దరు ఆడపిల్లలు చూసుకున్నారు, సెలవుల్లో కూడా వచ్చేవారు. జామాయిల్ ఏడాది పొడుగునా రాలుస్తూనే ఉంటుంది కానీ ఎండ ముదిరే నెలల్లో ఎక్కువ. టేకులాగా ఒక్కసారిగా బోడి కాదు.

కాబట్టి ఆకు కుళ్లదని కాదు, నిదానంగా కుళ్లుతుంది. నాలుగు నెలల్లో మూడో వంతు పోయింది కదా.

—

పుట్టమన్ను

టీచరమ్మా, ఆ పిల్లలను నా తరఫున మెచ్చుకో. మేము జీతం తీసుకుని చేసిన పని అది, పేరు తప్ప తేడా లేదు.

బాబూ, మీ ఇంటావిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. డబ్బుల లెక్క డబ్బులతోనే చెప్పాలి. యూరియాలో నత్రజని ఒక్కటే ఉంది. ఆ కుప్పల్లో ఆకు, పుల్ల, బెరడు కలిపి పొటాష్ కూడా తక్కువేం లేదు. పొటాషియం లెక్కన నీ నాలుగు ఎకరాలకు 50 కిలోలు ఉంటుందని నా అంచనా. దుకాణంలో కొంటే అది రెండు బస్తాల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. బస్తా పదిహేను వందల పైనే ఉంది. అక్కడికే మూడు వేలు దాటింది. మీద బెరడులో కాల్షియం ఉంది, భాస్వరం కొంచెం ఉంది, బోరాన్ ఉంది. బోరాన్ తక్కువైతే జామాయిల్ కొస చచ్చి పక్క కొమ్మలు గుంపుగా లేస్తాయి, కాండం పొడుగ్గా సాగదు. ఇవన్నీ విడివిడిగా కొని వేసే రైతును నేను ఇంతవరకు చూడలేదు.

పైగా వాన మీద బతికే చెల్కలో పైన చల్లిన యూరియా మట్టిలోకి దిగేంత వాన పడకపోతే అమ్మోనియాగా గాలికి పోతుంది, పెద్ద వాన పడితే మొరం దాటి కిందికి దిగిపోతుంది. ఆకులో ఉన్న నత్రజని అట్లా పోదు. పొటాష్ మొదటి రెండు మూడు వానలకే కడిగినట్టు దిగుతుంది. నత్రజని, భాస్వరం సూక్ష్మజీవులు తిని వదిలితేనే బయటికి వస్తాయి. కాల్షియం అన్నింటికంటే చివర. మెల్లగా రావడం చెట్టుకు మంచిదే, అది నెలకోసారి జీతం తీసుకున్నట్టు తీసుకుంటుంది.

నీళ్ల సంగతి కూడా. ఎర్ర చెల్క మీద నాలుగు వేళ్ల మందం ఆకు, పుల్ల పరిచి ఉంటే వాన చినుకు నేలను కొట్టదు. పై మట్టి గడ్డకట్టి నీళ్లు జారిపోవడం తగ్గుతుంది. నీకున్న పీచు వేర్లన్నీ పై రెండు జానల్లోనే ఉన్నాయి. ఎండాకాలంలో ఆ మట్టి ఒక పదిహేను రోజులు ఎక్కువ తడిగా ఉంటే ఎంత లాభమో నువ్వే ఆలోచించు.

కల్వకుర్తి తమ్ముడి జొన్న పసుపెక్కిన సంగతికి కూడా జవాబు ఇక్కడే ఉంది. జామాయిల్ ఆకులో రాలేటప్పటికి కర్బనం దండిగా, నత్రజని కొంచెమే ఉంటుంది. పండిన ఆకు రాలకముందే చెట్టు అందులోని నత్రజనిలో, భాస్వరంలో సగం దాకా వెనక్కి లాక్కుని కొత్త చిగుళ్లకు పంపుతుంది. కాల్షియంను లాక్కోలేదు, అది ఆకుతోనే పోతుంది. మేము పచ్చాకు, పండుటాకు రెండూ ల్యాబుకు పంపితే ఎప్పుడూ ఈ తేడా వచ్చేది. అట్లా నత్రజని తక్కువున్న ఆకును, పీకిన వేరు ముక్కలను మట్టిలో కలియదున్నినప్పుడు, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తమ ఒంటికి నత్రజని చాలదు. అవి నేలలో ఉన్నది లాక్కుంటాయి. జొన్నకు దొరకదు, పసుపెక్కుతుంది. జామాయిల్ ఆకులో ఉండే నూనెలు మొలకలను కొంత అణచుతాయి నిజమే కానీ, మోకాలెత్తు పెరిగాక పసుపెక్కడం ఆకలి లక్షణం. గొర్ల పెంటిక, మూత్రం ఆ కరువు తీర్చాయి. విషం దిగలేదు తమ్ముడూ, జొన్నకు తిండి దొరకలేదు.

నాకు ఇరవై ఆరేళ్లలో బాగా నాటుకున్న సంగతి ఇంకొకటి ఉంది. చిన్న చెట్టు గొడుగు కట్టుకునే వయసులో, అంటే మొదటి రెండు మూడేళ్లు, నేల నుంచి విపరీతంగా లాగుతుంది. ఆకు మండలం ఒకదానికొకటి తగిలి నేలంతా నీడ పడ్డాక కొత్త ఆకు పెట్టడం, పాత ఆకు రాల్చడం సమానమవుతాయి. అప్పటి నుంచి చెట్టు తన పాత ఆకులోంచి వెనక్కి తీసుకున్నదీ, రాలిన ఆకు కుళ్లి ఇచ్చిందీ తిరగేసి వాడుకుంటుంది. కాండంలో చేవ కూడా ముదురుతుంది. చేవలో పోషకాలు బహు తక్కువ, పైనున్న తెల్లకట్టెలోనే కొంచెం ఎక్కువ. అంటే టన్ను కట్టెకు నేల కట్టే ఖరీదు ముదురు చెట్టులో తక్కువ, లేత చెట్టులో ఎక్కువ. నాలుగేళ్లకో ఐదేళ్లకో కొట్టడమంటే సరిగ్గా చెట్టు నేల మీద ఆధారపడటం తగ్గే వేళకు కొట్టి, మళ్లీ మొదటి నుంచి లాగించడం. పేపరు కట్టెకు వేరే దారి లేదు, రైతుకు డబ్బు కావాలి. అందుకే కనీసం మిగిలింది పొలం దాటనివ్వొద్దు అంటున్నాను.

ఇది నా ఒక్కడి మాట కాదు. ఆఫ్రికాలో కాంగో దేశపు తీరంలో పేద ఇసుక నేలల మీద జామాయిల్ తోటలు ఉన్నాయి. అక్కడ కోత తర్వాత ఒక మడిలో ఆకు, కొమ్మ, బెరడు అన్నీ తీసేశారు, ఇంకో మడిలో వదిలేశారు. తీసేసిన మడిలో తర్వాతి చెట్లు బాగా వెనకబడ్డాయి. అట్లాంటి పోలికలు కేరళలో జామాయిల్ మీద కూడా జరిగాయి. నేల ఎంత పేదదైతే తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన చెల్క పేద నేలే.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. బట్టీ అతనికి బొటనవేలు కంటే లావున్న కొమ్మలు ఇవ్వు, వాటిలో బలం కట్టెలాగే తక్కువ. సన్నవి, ఆకు, బెరడు సాలు విడిచి సాలు మధ్యలో పరుచు. మోడు మీద మాత్రం వేయొద్దు, పిలకలు లేవవు. ఒక్క సాలు ఖాళీగా వదిలితే మనిషి తిరగడానికి, ట్రాక్టర్ పోవడానికి ఉంటుంది. నిప్పు భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. చుట్టూ గట్టు పొడుగునా మూడు మీటర్ల వెడల్పు గుంటక తోలి ఆకు లేకుండా చెయ్యి, పొలం నడుమ అడ్డంగా ఇంకోటి. ఊడ్చిన ఆకు గట్టు మీద కాల్చకుండా లోపలికి తొయ్యి.

మోళ్లు ఇప్పుడే పీకొద్దు. 2,110 బతికున్నాయంటే ఇంకో కోతకు పనికొస్తాయి. చచ్చిన మోళ్ల చోట జామాయిల్ మొక్క పెడితే పాత మోళ్ల నీడలో లేవదు, వేర్లతో పోటీ పడలేదు. ఆ ఖాళీల్లోనూ గట్ల మీదా గ్లైరిసీడియా కొమ్మలు నాటు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్లు మెట్ట పొలాల గట్ల మీద పెట్టమని ఎన్నో ఏళ్లుగా చెప్తున్న చెట్టు అదే. గాలిలో నత్రజని పట్టుకుంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కొట్టి ఆ పచ్చాకు జామాయిల్ ఆకు మీద వేస్తే, కరువున్న సూక్ష్మజీవులకు తిండి దొరికి రెండూ త్వరగా కుళ్లుతాయి. హవాయి దీవుల్లో జామాయిల్‌ను, గాలి నత్రజని పట్టే చెట్టును కలిపి పెంచితే జామాయిల్ ఒక్కటే పెట్టిన దానికంటే మొత్తం బయోమాస్ ఎక్కువ వచ్చింది. వానలు దండిగా పడే చోటు అది, మన దగ్గర అంత ఆశించొద్దు.

ఎరువు గురించి, ముందు మట్టి పరీక్ష చేయించు. కాగితం చూడకుండా నేను బస్తాలు చెప్పను.

—

కందిచేను

పెద్దాయనా, నాలుగేళ్లుగా నా బుర్రలో ఉన్న ముడి విప్పారు. గొర్ల మందకు ఇచ్చిన డబ్బులు దండగ కాలేదన్నమాట. బత్తాయితోట అన్నా, చెరువులో పూడిక తీసే ఏడు వస్తే ఎకరానికి ఇన్ని ట్రిప్పులని ఆ మట్టి కూడా కొట్టించు. చెల్కకు బంకమట్టి తగిలితే తడి ఆగుతుంది.

—

బత్తాయితోట, ఆగస్టు 2025

అందరికీ మళ్లీ నమస్కారం. ఆరు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

ఆ ఆదివారం ట్రాక్టర్ వచ్చింది. లావు కొమ్మలు మాత్రమే ఇస్తానని చెప్పాను. అతను మొదట కోపం చేశాడు, తర్వాత రెండున్నర వేలకు ఒప్పుకున్నాడు. మిగిలింది నేను, మా ఆవిడ, ఇద్దరు కూలీలు నాలుగు రోజులు సాళ్ల మధ్య పరిచాం. ఆవిడకు పొటాష్ బస్తా లెక్క చెప్పాక ఇంకేం అడగలేదు, తానే పార పట్టింది. చుట్టూ గుంటక తోలించాను. ఏప్రిల్‌లో పక్క చేనుకు నిప్పంటుకుని మా గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రాత్రి పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

మట్టి కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పరీక్ష చేయించాను. సేంద్రియ కర్బనం 0.31 శాతం వచ్చింది. నత్రజని తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ మధ్యస్థానికి కింది అంచున ఉంది. బత్తాయి ఉన్నప్పుడు, 2003లో, నాన్న చేయించిన పరీక్ష కాగితం అదే నోటుబుక్కులో మడిచి దొరికింది. అందులో కర్బనం 0.62.

పిలకలు మోకాలు దాటాయి. మోడుకు ఒక్కటి ఉంచి మిగతావి కొట్టించాను, కొట్టినవి అక్కడే పడేశాం. మొన్న వానలయ్యాక సాలు మధ్య ఆకు పొర ఎత్తి చూస్తే కింద మట్టి నల్లగా, చల్లగా ఉంది. తెల్లని పీచు వేర్లు ఆకు పొరలోకే ఎక్కి వచ్చి ఉన్నాయి. ఏమీ పరవని సాల్లో తవ్వితే మట్టి పెళ్ల కట్టి ఎర్రగా ఉంది. ఫోటో ఎక్కించడం రాలేదు, మా అబ్బాయి వచ్చాక పెడతాను.

పెద్దాయనా, ఒక్క సందేహం మిగిలింది. గ్లైరిసీడియా కొమ్మలు జూలైలో 180 నాటాను, 140 చిగురించాయి. మొదటిసారి ఎప్పుడు కొట్టొచ్చు?

—

పుట్టమన్ను

ఈ ఏడు ముట్టుకోకు. వేరు పట్టనివ్వు. వచ్చే వానాకాలం తొలి వానలకు నీ ఎత్తు దాటి ఉంటే నడుమెత్తులో కొట్టు. ఆ పచ్చాకు ఎండనివ్వకుండా అదే రోజు పరుచు. మీ నాన్న 2003 కాగితం జాగ్రత్తగా దాచు, ఐదేళ్లకు మళ్లీ మట్టి తీయించినప్పుడు పక్కన పెట్టి చూద్దాం.